ఎదురుకాళ్ళ పిల్ల

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. తల ముందు రావలసిన చోట కాళ్ళు వచ్చాయట. మంత్రసాని చేయితిరిగిన మనిషి కాబట్టి అవ్వ, నేను ఇద్దరమూ బతికి బయటపడ్డాం. అవ్వ ఈ సంగతి ఎప్పుడు చెప్పినా మంత్రసానిని పొగిడేది, నన్ను మాత్రం "కడుపుల నుంచే మొండిది" అని తిట్టేది. అయితే మా దిక్కున అలా పుట్టినవాళ్ళకు ఒక పని రాసిపెట్టి ఉంటుంది. ఎవరికి నడుము పట్టేసినా, ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషి తొక్కితే వదిలిపోతుందని అందరి నమ్మకం. వాడకు ఒక్కరు దొరికినా అదృష్టమే అనుకుంటారు. మా వాడకు నేను దొరికాను.

మాది ఎడపల్లి దగ్గర ఒక ఊరు. ఊరికి ఒక పక్కగా మా క్రైస్తవుల వాడ, నడుమ చర్చి. చలికాలం వస్తే బాపుతో సహా మగవాళ్ళంతా చెరుకు గుంపుల్లో ఉండేవాళ్ళు. గుంపును నడిపే పెద్దను ముకద్దం అనేవాళ్ళం. చేలో నరికిన చెరుకును మోపులు కట్టి, నెత్తిన పెట్టుకుని, లారీకి వాల్చిన సన్నటి బల్ల మీదుగా పైకెక్కి, పేర్చి, దిగి, మళ్ళీ ఎక్కాలి. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గుంకేదాకా అదే. బోధన్ వైపు పోయే లారీల వరస చూసి పిల్లలంతా గంతులేసేవాళ్ళు, వెనక నుంచి ఒక గడ లాగొచ్చని. ఆ లారీలను నింపిన నడుములు ఎట్లా ఉంటాయో వాళ్ళకు తెలియదు. నాకు అరికాళ్ళతో తెలుసు.

బడి నుంచి వచ్చేసరికి మా వాకిట్లో ఇద్దరో ముగ్గురో బోర్లా పడుకుని ఉండేవాళ్ళు. పుస్తకాల సంచి గూట్లో పడేసి, కాళ్ళు కడుక్కుని, దూలానికి కట్టిన తాడు పట్టుకుని ఒక్కొక్కరి మీదా నడిచేదాన్ని. కుడికాలు ముందు పెట్టాలి. నడుము నుంచి వీపు దాకా మూడుసార్లు పోయి రావాలి. తొక్కేటప్పుడు నవ్వకూడదు. ఈ చివరి నియమం ఎవరు పెట్టారో గానీ నాకు దానితోనే ప్రాణం పోయేది, ఎందుకంటే అంత పెద్ద పెద్ద మనుషులు కాలి కింద "అవ్వా, అయ్యా" అని మూలుగుతుంటే నవ్వు ఆగదు. తొక్కినందుకు చెరుకు ముక్కో, బెల్లం గడ్డో చేతిలో పెట్టేవాళ్ళు. పోయేటప్పుడు కొందరు నా కాళ్ళను ముట్టి కళ్ళకు అద్దుకునేవాళ్ళు. మా పాస్టరయ్య ఆదివారం నాడు ఇవన్నీ మూఢనమ్మకాలని గట్టిగా చెప్పి, మంగళవారం నాడు నడుము పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చి, "ప్రార్థన చేసినంక తొక్కు బిడ్డా, అప్పుడు తప్పు కాదు" అన్నాడు. ఆయన మీద నేను కొంచెం గట్టిగానే నడిచాను.

ఇదంతా గొప్పగా చెప్పుకుంటున్నాననుకోకండి. ఆ కాళ్ళ వల్లనే నాకు స్నేహితులు లేరు. తొక్కుడుబిళ్ళ ఆడితే కాలు బెణుకుతుందని అవ్వ పోనిచ్చేది కాదు. ముల్లు గుచ్చుకుంటే వాడంతా వచ్చి నా కాలు చూసేది, కానీ ఎవరూ నన్ను చూడడానికి వచ్చేవాళ్ళు కాదు. తోటి పిల్లలు రేగుపళ్ళకు పోతుంటే నేను ఎవరి నడుము మీదనో నిలబడి, కిటికీలోంచి వాళ్ళ వీపులు చూసేదాన్ని.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు, ఎనభైల నడుమ అనుకుంటాను, ఒకరోజు బాపు వేళ కాని వేళ ఇంటికి వచ్చాడు. మామూలుగా అయితే గుంపు అంతా తిరిగొచ్చాక, ముఖం కడుక్కుని, టీ తాగి, అప్పుడు పడుకునేవాడు. ఆ రోజు టీ కూడా అడగలేదు. చాప మీద మెల్లగా ఒరిగి, "తొక్కు బిడ్డా" అన్నాడు. నేను తాడు పట్టుకుని కుడికాలు పెట్టాను. ఒకసారి పోయి వచ్చాను. రెండోసారి పోయి వచ్చాను. మూడోసారి నడుము దగ్గర కాలు పెట్టగానే బాపు అరిచాడు. నేను అంతకుముందు ఎన్నడూ వినని అరుపు అది. లేవబోతే లేవలేదు. కుడికాలు మంటలో పెట్టినట్టుందన్నాడు. వేళ్ళు కదపమంటే కదలలేదు.

అవ్వ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "ఏం జేసినవే? నీ కాళ్ళు పడిపోను!" అంది. అవ్వ నోరు మంచిది కాదని వాడకంతా తెలుసు, ఆ మాట తర్వాత మరచిపోయి కూడా ఉంటుంది. నేను తాడు వదలకుండా అట్లాగే నిలబడి ఉన్నాను. ఎక్కడ దిగాలో తెలియలేదు.

మరునాడు ముకద్దం చూడడానికి వచ్చాడు. నేను తలుపు వెనక ఉన్నాను. "బల్ల కాడ ఏం కాలే గద?" అని అడిగాడు. "ఏం కాలే. ఇంట్ల పిల్ల తొక్కింది. తొక్కుడు తప్పింది" అన్నాడు బాపు. "ఇంట్ల అయినదానికి ఎవలేం జేస్తరు. మంచిగయినంక రా" అని ముకద్దం బీడీ ముట్టించుకుని పోయాడు. ఆ సాయంత్రం నుంచి మా వాకిట్లో ఎవరూ బోర్లా పడుకోలేదు. దూలానికి కట్టిన తాడును అవ్వ విప్పేసి బావి చేదకు కట్టుకుంది. నీళ్ళకు పోతే ఆడవాళ్ళు నా ముఖం చూడడం మానేసి కాళ్ళ వంక చూసేవాళ్ళు. "కాళ్ళు కలిసొచ్చినట్టే ఒచ్చి తిరగబడ్డయ్" అని ఒకామె నాకు వినపడేటట్టే అంది.

బాపు ఏడాది పైనే పడకలో ఉన్నాడు. అతను కర్ర పట్టుకుని లేవకముందే నన్ను నిజామాబాద్‌లో క్రైస్తవ పిల్లల హాస్టల్లో వేశారు. ఎందుకు వేస్తున్నారో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాకు తెలుసనుకున్నాను. నన్ను బస్సెక్కించడానికి తీసుకుపోయేటప్పుడు బాపు గోడకు తిరిగి పడుకునే ఉన్నాడు.

హాస్టల్లో నెలకు ఒక ఆదివారం ఇంటివాళ్ళు వచ్చి చూసి పోవచ్చు. అవ్వ వచ్చేది, జొన్నరొట్టె, పచ్చడి మూట కట్టుకుని. బాపు నడవగలిగాక కూడా రాలేదు. లేచాక వచ్చిన సీజన్‌కు మళ్ళీ గుంపులోకి పోయాడని, ముకద్దం పిలిచి మరీ తీసుకున్నాడని అవ్వ సంబరంగా చెప్పింది. చెరుకు మోయగలిగినవాడు బస్సెక్కి నా దగ్గరికి రాలేడా అని నేను అనలేదు. పదీ పదకొండేళ్ళ పిల్లకు అంత మాట రాదు, వచ్చినా గొంతు దాటదు. అప్పటి నుంచి నాకు మేజోళ్ళ అలవాటు పట్టుకుంది. ఎండాకాలం కూడా వేసుకునేదాన్ని. ఎవరి పక్కన కూర్చున్నా కాళ్ళు కిందికి ముడుచుకునేదాన్ని. ఎవరికీ కాలు తగలకుండా బతకడం అంత సులువైన పనేమీ కాదు. బస్సులో, చర్చి బెంచీల్లో, పరీక్ష హాల్లో ఎక్కడైనా నా కాళ్ళు ఎక్కడున్నాయో నాకు తెలుస్తూనే ఉండేది.

నిజామాబాద్‌లో బియస్సీ, హైదరాబాదులో ఎమ్మెస్సీ అయ్యాక, రెండు వేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకు, ఒక పరిశోధనశాలలో చిన్న ఉద్యోగం దొరికింది. బాపు కోసమే ఆ దారి పట్టానని చెప్పుకుంటే బాగుంటుంది. నిజం చెప్పాలంటే నేను పది చోట్లకు అర్జీ పెట్టాను, వాళ్ళొక్కరే పిలిచారు. ఇంటర్వ్యూలో మా సారు, "మేము వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు మీద పనిచేస్తున్నాం, నీకు ఆసక్తి ఉందా?" అని అడిగాడు. మేజోళ్ళ కాళ్ళను కుర్చీ కిందికి ముడుచుకున్నాను. ఉందన్నాను.

అక్కడ నేర్చుకున్నది చెబుతాను. రెండు పూసల మధ్య ఒక మెత్త ఉంటుంది, అదే డిస్కు. పైన పొరలు పొరలుగా గట్టి చుట్టు, లోపల లేత తాటిముంజ లాంటి గుజ్జు. పెద్దవాళ్ళలో ఆ గుజ్జులోకి రక్తనాళం పోదు. నరం కూడా పోదు. లోపలి కణాలకు గాలి, తిండి అన్నీ అంచుల నుంచి ఊరి ఊరి అందాలి. ఒక కణానికి ఇంకొకటి దూరంగా, ఎవరి గదిలో వాళ్ళు ఉన్నట్టు ఉంటాయి. రక్తం పోదు కాబట్టి ఒంటిని కాపలా కాసే తెల్లకణాలు కూడా లోపలికి పోవు. మన ఒంట్లోనే పుట్టి పెరిగిన ఆ గుజ్జును మన కాపలావాళ్ళు ఒక్కసారి కూడా చూసి ఉండరు. ఎప్పుడో చుట్టు చిరిగి గుజ్జు బయటికి వస్తే, ఇదెవరో పరాయిదని మీద పడతాయి. అప్పుడు పుట్టే మంట పక్కనున్న నరానికి తగిలి కాలి వేళ్ళ దాకా పాకుతుంది. బాపు కాలు మంటలో పెట్టినట్టుందన్నది ఆ మంటే. ఇంకో వింత ఏమిటంటే, మీద పడిన ఆ కాపలా కణాలే బయటికొచ్చిన ముక్కను నెలల తరబడి మెల్లగా తినేస్తాయి. అందుకే కోత లేకుండానే లేచి తిరిగేవాళ్ళు చాలామంది ఉంటారు. మా వాడవాళ్ళు మాత్రం బాపు లేచింది నాటువైద్యుడి నూనెతోనని నమ్మారు. వైద్యుడు కూడా అట్లాగే నమ్మాడు.

మా పని ఏమిటంటే, ఎండిపోయిన డిస్కులో మళ్ళీ గుజ్జు పట్టించగల కణాలు దొరుకుతాయేమో చూడడం. తుంటి ఎముక మూలుగ నుంచి తీసిన మూలకణాలు ఇంకా ఏ పనికీ కుదురుకోని కణాలు. వాటిని సరిగ్గా పెంచితే డిస్కు కణాల్లా మారవచ్చని ఆశ. కానీ గాలీ తిండీ అందని ఆ చోట అవి బతుకుతాయా? ఇంకొకరి ఒంటి నుంచి తెచ్చినవైతే తెల్లకణాలు ఊరుకుంటాయా? ఈ రెండు ప్రశ్నల చుట్టూ మేం ఏళ్ళు తిరిగాం. ఆసుపత్రిలో ఆపరేషన్ అయిన చోటి నుంచి డిస్కు ముక్కను ఐస్ డబ్బాలో తెచ్చుకుని, బ్లేడుతో సన్నగా తరిగి, కణాలు విడదీసి, ఎర్రటి నీళ్ళ లాంటి ఆహారంలో పెంచేదాన్ని. రెండు మూడు రోజులకోసారి ఆ ఆహారం మార్చాలి. వాటికి ఆదివారం లేదు, క్రిస్మస్ లేదు. చర్చికి పోని ఆదివారాలకు నాకు అదొక సాకు. నిజానికి ఉద్యోగినుల హాస్టల్ గదిలో ఒక్కదాన్నే కూర్చోవడం కన్నా ఇంకుబేటరు పక్కన ఒక్కదాన్నే కూర్చోవడం నయంగా ఉండేది. అది కనీసం గుర్‌మని శబ్దం చేస్తుంది.

తెల్లకణాల కోసం రక్తం కావాలి. సారు, "ఎవరైనా ఇస్తారా?" అని అడిగితే నేను చెయ్యి చాచాను. ఆ తర్వాత అది నా పనే అయింది. ఒక పళ్ళెంలో చిన్న చిన్న గుంటలు ఉంటాయి. మొదటి వరసలో ఎవరివో డిస్కు కణాలు. రెండో వరసలో వాటితో పాటు నా తెల్లకణాలు. మూడో వరసలో ఆ రెండింటితో పాటు మూలుగ కణాలు. కొన్ని రోజులకు మైక్రోస్కోపులో చూస్తే రెండో వరసలో నావి రెచ్చిపోయి గుంపులు గుంపులుగా పెరిగి ఉండేవి. ముక్కూ ముఖం తెలియని మనిషి కణాల మీద నా రక్తానికి అంత కోపం ఎందుకని నాకే సిగ్గేసేది. మూడో వరసలో అవి కొంత నెమ్మదించేవి. ప్రతిసారీ కాదు. మూలుగ కణాలు కూడా డిస్కు లాంటి ఇరుకులో పెడితే సగానికి సగం చచ్చేవి. మందు దొరికిందని చెప్పుకునేంత ఏమీ జరగలేదు. అయినా మూడో వరస నెమ్మదిగా కనపడిన రోజు నేను ఎవరితోనైనా చెప్పాలనుకునేదాన్ని. చెప్పడానికి ఎవరూ ఉండేవాళ్ళు కాదు. అవ్వకు ఫోను లేదు. తర్వాత అవ్వే లేదు.

అవ్వ నా ఉద్యోగం మొదలైన రెండేళ్ళకు పోయింది. బాపు నడుము నా కాళ్ళ వల్లే పోయిందని నమ్ముతూనే పోయింది. అదేమీ మనసులో పెట్టుకోలేదు, నన్ను ప్రేమించింది. కానీ నమ్మింది.

ఒకసారి ధైర్యం చేసి సారును అడిగాను. "ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్ల తొక్కితే డిస్కు చిరుగుతుందా సార్?" అని. ఆయన నవ్వాడు. "చిరగడానికి సిద్ధంగా ఉన్న డిస్కు తుమ్మినా చిరుగుతుంది. మంచి డిస్కు మీద ఏనుగు పిల్ల నడిచినా ఏమీ కాదు" అన్నాడు. తన గదిలోకి పోయాడు. నేను ఆ మాటను వారం రోజులు తిరగేసి మరగేసి చూశాను. ఎటు తిప్పినా నేను ఆ తుమ్మునయ్యే అవకాశం పోలేదు. అంత పెద్ద పరిశోధనశాలలో, అన్ని యంత్రాల నడుమ, నాకు కావలసిన ఒక్క జవాబు దొరకలేదు.

అది దొరికింది ఆసుపత్రి వార్డులో. ఆపరేషన్‌కు ముందు రోగి దగ్గర అనుమతి కాగితం మీద వేలిముద్ర తీసుకోవడం నా పనుల్లో ఒకటి. ఆ రోజు మంచం మీద ఉన్నది బాపు వయసు మనిషి. కాలు బలం తగ్గిపోతోందని కోత పెడుతున్నారు. తీసిన ముక్కను మేము పరీక్షలకు వాడుకుంటామని నేను పుస్తక భాషలో వివరించాను. అర్థం కాలేదు. అలవాటుకొద్దీ మా దిక్కు యాసలో, "గంతే, పారేసే ముక్కనే మాకిస్తరు" అన్నాను.

ముసలాయన ముఖం వెలిగింది. "ఏ దిక్కు బిడ్డా మీది?"

"బోధన్ దిక్కు."

"మాది గూడ గదే. మరి ఆ ముక్కను ఏం జేస్తరు?"

"దాంట్ల పానం ఉంటది. కొన్నొద్దులు పెంచుతం."

 "పెంచుకోండ్రి. మల్ల దానితోని సెరుకు మోపియ్యకుండ్రి" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు. కాగితంలో ఒక గడి ఉంటుంది, నొప్పి ఎట్లా మొదలైందని. అడిగాను. "ఇంట్ల మా తమ్ముని బిడ్డతోని తొక్కిచ్చుకున్న. ఆ పిల్ల ఎదురుకాళ్ళది. తొక్కుడు తప్పింది" అన్నాడు. రాయబోతుంటే మళ్ళీ తనే నవ్వి, చెయ్యి అడ్డం పెట్టాడు. "రాయకు బిడ్డా. అలవాటుల ఒచ్చింది. బల్ల మీదికెళ్ళి పడ్డ నేను. మోపుతోని సహా పడ్డ."

"మరి తొక్కిచ్చుకున్న అని ఎందుకంటున్నవ్?"

"పడ్డోన్ని ముకద్దం పైయేడు పిలువడు గద. బల్ల మీదికెళ్ళి పడ్డ మనిషి గుంపుకు అచ్చిరాడని వాళ్ళ పట్టింపు. అందుకే పడితే సప్పుడు జేయక ఇంటికి పోయేటోళ్ళం. ఎవలన్న ఎదురుకాళ్ళోళ్ళతోని తొక్కిచ్చుకుని, ఆ తొక్కుడుతోనే ఇట్లయిందని చెప్పుకునేటోళ్ళం. ఇంట్ల అయినదానికి ఎవలేం జేస్తరు?"

ఆ చివరి మాట నేను తలుపు వెనక నిలబడి విన్న మాట.  "ఆ పిల్ల?" అని అడిగాను.

"ఏ పిల్ల?"

"తొక్కిన పిల్ల."

"పిల్లలదేమున్నది బిడ్డా," అన్నాడు ఆయన. "పిల్లలు మర్సిపోతరు."

ఆయన వేలిముద్ర తీసుకున్నాను. వేలికి అంటిన సిరాను దూదితో తుడిచాను. గడిలో 'ఎత్తు నుంచి పడటం' అని రాశాను. శుక్రవారం దాకా కణాలకు తిండి పెట్టాను, ఆ ఆదివారం ఆహారం మార్చే పని ఇంకొకరికి అప్పగించి, శనివారం పొద్దున నిజామాబాద్ బస్సెక్కాను.

అవ్వ పోయాక బాపు మా అన్న దగ్గరే ఉంటున్నాడు. నేను పోయేసరికి అన్న, వదిన పొలానికి పోయారు. బాపు గడప దగ్గర గోడకు ఆనుకుని అనపకాయలు ఒలుస్తున్నాడు. రోడ్డు మీద చెరుకు లారీలు పోతున్నాయి. నేను చెప్పులు విడిచి ఎదురుగా కూర్చున్నాను. దారి పొడుగునా ఎన్నో రకాలుగా మొదలుపెట్టి చూసుకున్నాను గానీ నా నోటికి ఓపిక తక్కువ.

"బాపూ, ఆ దినం బల్ల మీదికెళ్ళి పడ్డవా?"

ఏ దినమని అడగలేదు. చేతిలో కాయ అట్లాగే ఉంది. "ఎవలు సెప్పిన్రు?" అన్నాడు.

ఇంకేం కావాలి? అయినా కావాలి. "అవ్వకన్న సెప్పకపోతివి" అన్నాను.

"అవ్వకు సెప్తె ఆగుతదా? ముకద్దం పెండ్లాం, మీ అవ్వ ఒక్క బాయి కాడ నీళ్ళు తోడేటోళ్ళు." చేతిలో కాయ ఒలిచాడు. "సెరుకు తప్ప నాకు ఇంకేం పని ఒస్తుండె బిడ్డా."

"నన్ను హాస్టల్ల ఎందుకేసినవ్? ఒక్కనాడన్న సూడ రాలేదు నువ్వు."

లారీ ఒకటి పోయేదాకా ఆగాడు. "నువ్వు ఇంట్ల తిరుగుతుంటె నీ కాళ్ళు కనపడుతుండె," అన్నాడు. "సూడలేకపోయిన. మొకం సెల్లలే."

ఇరవై ఏళ్ళు నేను అనుకున్నది, నా మీద కోపంతో నన్ను పంపేశాడని. తన మీద సిగ్గుతో పంపేశాడట. రెండింటికీ చాలా తేడా ఉందని తర్వాత నాకు అర్థమైంది. ఆ క్షణంలో మాత్రం నాకు కనపడింది ఒక్కటే, హాస్టల్ గేటు దగ్గర ఆదివారాలు నేను నిలబడిన చోటు. ఒళ్ళు మండిపోయింది. ఆ వార్డులో ముసలాయన మీద రాని కోపమంతా ఇక్కడ వచ్చింది. మా చర్చిలో ఆదివారం పాటలయ్యాక సాక్ష్యం చెప్పే వేళ ఉంటుంది. దేవుడు తమకు చేసిన మేలో, తాము చేసిన తప్పో ఎవరైనా లేచి పదిమందిలో చెప్పవచ్చు. "రేపు సాక్ష్యం సెప్పు," అన్నాను. "నా కాళ్ళ మీద ఏసిన నింద నువ్వే తియ్యాలె. అందరి ముందర." ముసలివాడితో అట్లా మాట్లాడకూడదు. మాట్లాడాను. బాపు ఒలిచిన అనపగింజలు చూసుకోకుండా పొట్టులో కలిపేశాడు, నేను మళ్ళీ ఏరాను.

మరునాడు చర్చిలో సాక్ష్యం వేళ రాగానే ఒకామె తన గేదె దొరికినందుకు స్తోత్రం చెప్పింది. ఒకతను కొడుకు పరీక్ష గురించి చెప్పాడు. తర్వాత బాపు ముందు బెంచీ పట్టుకుని లేచాడు. నడుము పూర్తిగా నిటారు కాలేదు. "నేను సెరుకు బల్ల మీదికెళ్ళి పడ్డ," అన్నాడు. "నా బిడ్డ తొక్కింది అని సెప్పిన. అది అబద్ధం. నా బిడ్డ కాళ్ళు మంచియి." అంతే చెప్పి కూర్చున్నాడు.

కొత్త పాస్టరు కుర్రవాడు. ఎప్పటి సంగతో, ఎవరి కాళ్ళో అతనికి తెలియదు. అలవాటు కొద్దీ "హల్లెలూయా" అన్నాడు. సంఘమంతా "హల్లెలూయా" అంది. చిన్నపిల్లలు కిసుక్కుమన్నారు. నేను చుట్టూ చూశాను. ముకద్దం ఎప్పుడో పోయాడు. బావి దగ్గర ఆ మాట అన్న ఆమె పోయింది. నాతో నడుము తొక్కించుకున్నవాళ్ళు ఒకరిద్దరు మిగిలారు, వాళ్ళకు చెవులు సరిగ్గా వినపడవు. నేను అన్నేళ్ళు మోసింది అక్కడ ఎవరికీ గుర్తు కూడా లేదు. అవ్వ ఒక్కతే వినవలసింది. అవ్వ చర్చి వెనక సమాధుల్లో ఉంది.

బయటికి వచ్చి చెప్పులు వెతుక్కుంటుంటే ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఎదురుకాళ్ళ పిల్లవు నువ్వే గద? నాల్గొద్దుల నుంచి నడుం పట్టింది బిడ్డా. ఒక్కసారి తొక్కిపో" అంది. నేను పళ్ళు కొరుక్కుని, ఈ వయసులో తొక్కించుకోకూడదని, ఎముక విరుగుతుందని, ఆసుపత్రిలో చూపించుకోమని ఓపికగా చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "సదువుకుంటె గింత గర్వమొస్తదా?" అని పోయింది.

ఇంటికి వచ్చాక బాపు చాప పరిచాడు. అంగీ విప్పి, మెల్లగా ఒక పక్కకు ఒరిగి, బోర్లా పడుకున్నాడు. "ముసలామెకు ఒద్దన్నవు, మంచిగ జేసినవ్," అన్నాడు చాపలోకి. "నాకు తొక్కు."

నాకు ఆ వెన్ను తెలుసు. ఏ పూసల మధ్య ఏమీ మిగిలి ఉండదో, ఎక్కడ ఎముకకు ఎముక తగులుతుంటుందో చూడకుండానే చెప్పగలను. దాని మీద పిల్లిని కూడా నడవనివ్వకూడదు. నేను పీట జరుపుకుని పక్కన కూర్చున్నాను. మేజోళ్ళు తీసేశాను. నా కాళ్ళు తెల్లగా, ఎండ తగలని కాళ్ళు. కుడిది ముందు పెట్టాను, తర్వాత ఎడమది. బరువంతా పీట మీదే ఉంచుకున్నాను. బాపు వీపు వెచ్చగా ఉంది. పూసలు ఒక్కొక్కటీ అరికాలికి తగిలాయి. ఇరవై ఏళ్ళ తర్వాత నా కాలు ఒక మనిషికి తగలడం అదే మొదలు.

"ఇంకా పెట్టలేదా?" అన్నాడు బాపు.

"పెట్టిన."

"ఆనుత లేదు. బరువెయ్యి."

నేను బరువు వెయ్యలేదు. నా కోపం పోలేదు. కాళ్ళు కూడా తియ్యలేదు, చీకటి పడి వదిన పొలం నుంచి వచ్చేదాకా.